ఐదుగురు కదిరమ్మలు

మంగళవారం పొద్దున కదిరమ్మ మగ్గం ముందు కూర్చుని పాత పడుగుకు కొత్త పడుగు అతుకుతోంది. పాతదాంట్లో ఒక పోగు తియ్యాలి, కొత్తదాంట్లో దానికి సరైన పోగు పట్టుకోవాలి, బూడిద అద్దిన వేళ్ళ మధ్య రెండు కొసలూ కలిపి మెలి పెట్టాలి. నాలుగు వేల పైచిలుకు పోగులు. ఒక్కటి దాటిపోయిందా, ఆ తర్వాతవన్నీ పక్కింటి మనిషి చెయ్యి పట్టుకున్నట్టే. అందుకే ఆమె పని చేసేటప్పుడు మొగుడు గోవిందప్ప కూడా గట్టిగా దగ్గడు.

షరీఫాబీ గడప దగ్గరకొచ్చి నిలబడింది. వెనకవీధిలో ఉంటుంది, వీళ్ళ మగ్గానికి నూలు కండెలు చుడుతుంది. రోజూ పిలవకుండానే లోపలికొచ్చి కూర్చునే మనిషి, ఈరోజు గడప దాటలేదు.

"కదిరక్కా, చావడి కాడ కాయితం అంటించినారు. కరువు బియ్యం కాయితం."

"అంటించినారా? మన పేర్లు ఉండాయా?"

"నీది ఉండాది."

కదిరమ్మ వేళ్ళు ఆగిపోయాయి.

"నాది ల్యా," అంది షరీఫాబీ. "పైవీధి కదిరమ్మది ల్యా, బావికాడ కదిరమ్మది ల్యా, దర్జీ శివప్ప పెండ్లాం కదిరమ్మది ల్యా, ముసిలి కదిరమ్మది ల్యా. ఊరి మొత్తానికి ఐదుగురు కదిరమ్మలుంటే నువ్వొక్కదానివే మిగిలినావు. మీ పాపే కదక్కా అనంతపురంలో ఆ మిషన్లోకి పేర్లు ఎక్కించేది?"

మాట అనేసి, బదులు వినకుండా వెళ్ళిపోయింది. కదిరమ్మ చేతిలోని పోగు ఎప్పుడు జారిపోయిందో జారిపోయింది. వెతికినా దొరకలేదు.

వరసగా రెండో ఏడు కరువు. చేలల్లో వేరుశెనగ ఊడలు దిగకుండానే మాడిపోయింది. పంట లేని చోట చీరలు కొనేవాళ్ళూ లేరు, మగ్గాలు వారంలో మూడు రోజులు ఆగుతున్నాయి. పట్టీలో పేరున్న ఇంటికి వారం వారం బియ్యం ఇస్తారన్న మాట మీదే ఊరు ఊపిరి పీల్చుకుంటోంది. ఆ పట్టీ తన కూతురు రామలక్ష్మమ్మ వేళ్ళ మీదుగా పోయిందని నిన్నటిదాకా కదిరమ్మకు లోలోపల కాస్త గర్వం. భయం కూడా ఉండేది. ఆ మిషను కరెంటు కొడుతుందేమో, చల్లగదిలో కూర్చుంటే ఊపిరితిత్తులకు నిమ్ము చేస్తుందేమో, బస్సు బోల్తా పడుతుందేమో. ఆమె పడిన వంద భయాల్లో ఈ భయం మాత్రం లేదు.

కొంగు తల నిండా కప్పుకుని చావడి దగ్గరికి వెళ్ళింది. ఐదో తరగతి చదువుకి అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు. గోడ మీద తెలుగులో ఎత్తి రాసిన కాగితంలో వేలు పెట్టి పైనుంచి కిందికి చదివింది. ఒక కదిరమ్మ. ఒక ఆంజినమ్మ. ఒక షరీఫాబీ, అది పీర్ మహమ్మద్ పెండ్లాం, కండెల షరీఫాబీ కాదు. చివర్న అంకె వేసి ఉంది: మూడు వందల యాభై ఐదు. ఊళ్ళో ఇళ్ళు నాలుగు వందల పన్నెండు.

అరుగు మీద పెద్దమనిషి ఎర్రన్న మరో నలుగురితో కూర్చుని ఉన్నాడు.

"చూసుకున్యావా తల్లీ? నీ పేరు బాగా కనిపిస్తాండాదా?"

"అన్నా, నా పేరు కొట్టేయండన్నా. ఇంకెవురిదైనా రాయండి."

"నీదొకటి కొట్టేస్తే యాభై ఏడిండ్లలో పొయ్యి మండుతాదా? సుక్రారం మూడు గంటలకు ఈ పట్టీ కలెక్టరాఫీసుకు పోతాది. పోయినాక ఆర్నెల్ల దాకా మార్చేది ల్యా. శనివారం రెవెన్యూ ఆర్.ఐ. సారు కార్డులియ్యను వస్తాడు. మేం అర్జీ రాసి పెట్టుకున్యాం, తల్లి పేరు నిలబెట్టి ఊరి పేర్లు తీసేసిందని. నీ కూతురి పేరు రాసే పెడతాండాం."

వెనక ఎవరో, "బాగా సదివించినావమ్మా," అన్నారు. ఇద్దరు నవ్వారు. కదిరమ్మ నవ్వినవాళ్ళ వైపు చూడలేదు. అర్జీ అంటే పోలీసు జీపు. జీపు అంటే బిడ్డ ఉద్యోగం. ఇంటికి చేరేలోపల ఆ జీపు ఆమె మనసులో ఆఖరి వీధి మలుపు కూడా తిరిగింది.

సాయంత్రం బస్సు దిగి వచ్చిన కూతుర్ని కాళ్ళు కూడా కడుక్కోనివ్వలేదు.

"నువ్వు కొట్టేసినావా మే? నిజం చెప్పు. నా మీద ప్రేమతో చేసినా చెప్పు, నేను కాళ్ళు పట్టుకుని మాన్పిస్తా."

రామలక్ష్మమ్మ సంచి కింద పెట్టింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. టైపు పరీక్ష ఫస్టుక్లాసులో పాసై ఆ కంప్యూటరు సెంటర్లో చేరి నాలుగు నెలలు.

"పోయినేటి పట్టీలో నాలుగు వందల పన్నెండు పేర్లు టైపు కొట్టినా. ఈ ఏటి సర్వే నాలుగు వందల పన్నెండు కొట్టినా. లెక్కబెట్టుకున్యానమ్మా. రెండింట్లో ఎన్ని పేర్లుండాయో లెక్క పోల్చే ప్రోగ్రాం కోటేశ్వరరావు సార్ రాసినాడు. 'తేడా లేదు' అని వచ్చింది, అచ్చేసి పంపినారు. ఎన్ని అచ్చైనాయో నేను చూడల్యా."

"మరి యాభై ఏడు మంది యాడికి పోయినారు?"

బిడ్డకు తెలియదు. గోవిందప్ప మగ్గం గుంటలోంచి తలెత్తి, "ఉద్యోగం మానేసి రామ్మా, కండెలు చుట్టుకో," అన్నాడు మెల్లగా. కదిరమ్మ ఆ మాటే అనాలనుకుంది. అనబోయి ఆగింది. మానేస్తే ఆ నింద బతికినంత కాలం బిడ్డ మీదే ఉండిపోతుంది.

బుధవారం మొదటి బస్సుకు తల్లి కూడా ఎక్కింది.

కంప్యూటరు సెంటరు అనంతపురంలో ఒక మేడ మీద ఉంది. చెప్పులు బయట విడవాలి. అద్దాల తలుపు తోస్తే లోపలి చలి ముఖానికి కొట్టింది. కదిరమ్మ కొంగు మెడ చుట్టూ బిగించుకుంది. కోటేశ్వరరావు గుంటూరు వైపు మనిషి, ముప్పై ఏళ్ళుంటాయి, కళ్ళజోడు. మొదట కుర్చీ చూపించాడు. విషయం విన్నాక ముఖం మారింది.

"చూడండమ్మా, అవి పోలేదు, పట్టుబడ్డాయి. ఒకే పేరు మీద రెండేసి, ఐదేసి కార్డులు. బోగస్. ఆ మాట మొన్న మీటింగులో చెప్పాను, కలెక్టరుగారు మెచ్చుకున్నారు కూడా. పాత పట్టీలో మూడొందల యాభై ఐదు, కొత్త పట్టీలో మూడొందల యాభై ఐదు. తేడా సున్నా. రెండు పట్టీలూ ఒకదానికొకటి సాక్ష్యం."

"నేను కదిరమ్మను సారూ. తక్కిన నలుగురు కదిరమ్మలనూ నేనెరుగుదును. అందరూ మనుషులే."

"ఒక్క ఊళ్ళో ఐదుగురు కదిరమ్మలా?"

"మాకు కదిరి దగ్గిర సారూ. నరసింహస్వామికి మొక్కుకోని పుట్టినోళ్ళమంతా కదిరమ్మలం, కదిరప్పలం. ఐదుగురంటే తక్కువే."

కోటేశ్వరరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మా వైపు ఇంటిపేరు ముందు రాస్తాం. అది లేకుండా పట్టీ రాయరు. ఇక్కడ ఉత్త పేరే రాశారు, నేను ఉత్త పేరే తీసుకున్నాను." అన్నాడే కానీ ఒప్పుకున్నట్టు కాదు. "నోటిమాట మీద పట్టీ మార్చలేను. రుజువు చూపించండి. శుక్రవారం మూడింటిదాకా టైముంది. భోజనాల వేళ మిషను ఖాళీగా ఉంటుంది, మీ అమ్మాయి వాడుకోవచ్చు."

చేత్తో రాసిన రిజిస్టర్లు రెండూ ఇప్పించాడు. కదిరమ్మ వరండాలో చాప పరుచుకుని, పాత రిజిస్టరు ఎడమ మోకాలి దగ్గర, కొత్తది కుడి మోకాలి దగ్గర పెట్టుకుంది. కూతురు ఎదురుగా అచ్చు కాగితం పట్టుకుని కూర్చుంది. అది ఇంగ్లీషు.

"పాతదాంట్లో ఒకటి నేను పడతా. కొత్తదాంట్లో దాని జోడీ పడతా. నీ కాయితంలో ఉందా లేదా చెప్పు. తొందరపడొద్దు. ఒకటి దాటితే అన్నీ దాటిపోతాయి."

ఆమె వేళ్ళకు అలవాటైన పనే. పాతదాంట్లో ఒక పేరు, కొత్తదాంట్లో అదే ఇల్లు, పెన్సిలుతో రెండింటి పక్కనా చిన్న గీత. మధ్యాహ్నం ఎండ మెట్ల మీదికి పాకి వచ్చి, వాళ్ళ చాప అంచు తాకి, మళ్ళీ వెనక్కి జరిగింది. సద్దిమూట విప్పలేదు. అటూ ఇటూ పోయే గుమాస్తాలు వీళ్ళని దాటుకుంటూ పోయారు.

మూడొందలు దాటాక కదిరమ్మ పెన్సిలు ఆపింది.

"మే, ఒకటి చూడు. ఆంజినమ్మలు ముగ్గురు. అచ్చులో మిగిలింది ఎవురు?"

"ముప్పై మంది పట్టే ఇల్లు, పెద్ద ఆంజినమ్మ. రిజిస్టర్లో ముగ్గుర్లో ఆఖర్న ఉండాది."

"తిమ్మన్నలు నలుగురు. మిగిలింది?"

"అట్లనే, ఆఖర్న ఉండే ఆయప్ప."

"మేం ఐదుగురం. నేనుండేది ఆఖరి వీధి. షరీఫాబీలు ఇద్దరు, పీర్ మహమ్మద్ ఇల్లు మన షరీఫాబీ ఇంటి తర్వాతే. ప్రతిసారీ ముందరోళ్ళు పోయినారు, ఆఖరోళ్ళు మిగిలినారు. దొంగకార్డు పట్టుకునేవాడు మొదటిది ఉంచి తర్వాతవి కొట్టేస్తాడు గానీ, మొదటివి కొట్టేసి ఆఖరిది ఉంచుకుంటాడా?"

రామలక్ష్మమ్మ అచ్చు కాగితాన్ని ఇంకోసారి కిందినుంచి పైకి చూసింది. తర్వాత లేచి నిలబడింది.

"గూళ్ళమ్మా! సార్ రాసింది ఆక్ అని చిన్న కంప్యూటరు భాష. దాంట్లో పేరుకొక గూడు. పేరు చెప్తే ఆ గూట్లో ఏముందో చూపిస్తాది. అదే పేరుతో ఇంకోటి తెచ్చి పెడితే, లోపలుండేదాన్ని తోసేసి కొత్తది పెట్టుకుంటాది. తోసేసినానని చెప్పను కూడా చెప్పదు. నలుగురు కదిరమ్మల్ని తోసేసి నిన్ను కూర్చోబెట్టింది."

"మరి రెండు పట్టీలూ సరిపోయినాయన్నాడే?"

"రెండింట్లోనూ అట్లనే తోసేసింది కదా! రెండూ ఒకే గుంతలో పడినాయి. అందుకే తేడా కనపళ్ళేదు."

కదిరమ్మకు సంతోషం రావాల్సింది. దాని బదులు ఇంకో భయం వచ్చి పడింది. ఈ మాట ఆ సారుకు చెప్పాలి. మీటింగులో మెప్పు పొందిన మనిషికి, నీది తప్పని ఈ పిల్ల చెప్పాలి. రేపటినుంచి పనికి రావద్దంటే?

గురువారం భోజనాల వేళ రామలక్ష్మమ్మ మిషను ముందు కూర్చుంది. కదిరమ్మ వెనక స్టూలు మీద, కరెంటు తీగకు దూరంగా. పిల్ల వేళ్ళు మీటల మీద, మగ్గంలో నాడె ఆడినట్టు ఆడుతున్నాయి. ఈసారి గూటికి ఉత్త పేరు కాదు, పేరూ భర్త పేరూ కలిపి నడుమ ఒక గీత పెట్టి గుర్తుగా ఇచ్చింది. భర్త పేరు లేనిచోట తండ్రి పేరు. మిషను గుర్రుమంది. తెర మీద అంకె పడింది.

"నాలుగు వందల పదకొండు," అంది కూతురు. "ఒకటి తగ్గింది."

"ఒక ఇల్లు పస్తా?" అంది తల్లి.

కోటేశ్వరరావు భోజనం ముగించుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. "ఆ ఒక్కటీ నిజంగా బోగస్ అయ్యుండొచ్చు," అన్నాడు.

కదిరమ్మ స్టూలు దిగి నేల మీద కూర్చుని రిజిస్టరు తెరిచింది. ఆమెకు వినపడింది ఒక్కటే: ఒకటి దాటిపోయింది. ఒకే గూట్లో పడిన రెండు పేర్లు ఎక్కడో వెతకాలి. మగ్గం మీద అయితే చేతికి తెలుస్తుంది, ఇక్కడ కళ్ళకు తెలియాలి. ఊరిని పైవీధి నుంచి మొదలుపెట్టి, మనసులోనే తలుపు తలుపూ తట్టుకుంటూ నడిచింది. మూడో తలుపు దగ్గర ఆగింది.

"పైవీధి కదిరమ్మ మొగుడు ఆంజినప్ప. బావికాడ కదిరమ్మ మొగుడు కూడా ఆంజినప్పే. ఒకాయన గొర్రెలు కాస్తాడు, ఒకాయన సున్నం కొడతాడు. ఇద్దరికీ ఒకే ఏడు పెండ్లయింది సారూ, నేను రెండు పెండ్లిండ్లకూ పోయినా."

"పెళ్ళాల పేర్లూ, మొగుళ్ళ పేర్లూ ఒకటేనా?" కోటేశ్వరరావు గొంతులో వెటకారం లేదు, నవ్వు ఉంది. "మరి వాళ్ళని మీరెలా గుర్తుపడతారు?"

"వీధిని బట్టి సారూ. ఇంటి నెంబర్లయితే సర్వేకొకసారి మారుస్తాండారు. వీధి యాడికి పోతాది?"

రామలక్ష్మమ్మ అప్పటికే రెండో గీత పెట్టి వీధి పేరు చేర్చేసింది. మిషను మళ్ళీ గుర్రుమంది. ఈసారి ఆమె అంకె చదవలేదు. జరిగి తల్లికి చూపించింది. నాలుగు, ఒకటి, రెండు. ఆ అంకెలు కదిరమ్మకు వచ్చు.

"ఇప్పుడు పోల్చు," అన్నాడు కోటేశ్వరరావు, కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటూ.

నిన్నటిదాకా తేడా సున్నా అన్న మిషను ఈసారి మూడు కుప్పలు పోసింది. పాతదాంట్లో ఉండి కొత్తదాంట్లో లేనివి మూడు. కొత్తగా వచ్చినవి మూడు. రెండింట్లోనూ ఉండి ఇంట్లో మనుషుల లెక్క మారినవి ముప్పై ఒకటి.

"లెక్క మారినవి కొత్తదే రాయి. లేనివి మూడూ తీసేయి," అన్నాడు అతను.

"ఉండు మే," అంది కదిరమ్మ. అన్నాక, ఆఫీసరు మాటకు అడ్డం వచ్చానని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కానీ మాట బయటికి వచ్చేసింది. "ఎవురెవురో చదువు."

కూతురు చదివింది. మొదటిది తిమ్మన్న, కిందివీధి. "ఆయప్ప చనిపోయినాడు సారూ," అంది కదిరమ్మ. "ఆయన భార్య తిప్పమ్మ ఉండాది. కొత్తగా వచ్చిన మూడింట్లో తిప్పమ్మ ఉంటాది చూడండి. ఇల్లు అదే, పేరు మారింది." ఉంది. రెండోది బెంగళూరుకు వలసపోయిన ఇల్లు, తాళం వేసి ఉంది. దాన్ని తీసెయ్యొచ్చు. మూడోది ఆదెన్న. "ఆయన ఈడనే ఉండాడు. పైవీధిలో ఇల్లు కూలిపోతే బావి వీధిలో గుడిసె వేసుకున్యాడు. కొత్తదాంట్లో ఆదెన్న, బావి వీధి ఉండాది కదా, అదే." మిగిలిన కొత్తది ఒక్కటే, మొన్న వేసవిలో వేరు కాపురం పెట్టిన జంట. ఒకరు పోయి ఒకరు వచ్చారు, అంతే.

కోటేశ్వరరావు పాత అచ్చు కాగితం తీసి, మూడు వందల యాభై ఐదు మీద అడ్డంగా గీత కొట్టాడు.

"యాభై ఏడు బోగస్ కార్డులు పట్టానని అందరి ముందూ చెప్పాను," అన్నాడు చివరికి.

కదిరమ్మ చేతులు రెండూ జోడించింది. "మా పాపను ఏమీ అనొద్దు సారూ. మేం తప్పు చెప్పింటే..."

"మీరు చేతులు దించండమ్మా." అతను ఒక కాగితం తీసుకుని నాలుగు వరసలు రాసి, కింద సంతకం పెట్టాడు. పట్టీ తప్పుగా పోయిందనీ, ఆ తప్పు తన ప్రోగ్రాములోదనీ, సరిచేసింది ఫలానా రామలక్ష్మమ్మ అనీ. "ఇది కూడా పట్టీతో పాటు పోతుంది. ఇంకో ఇరవై రెండు ఊళ్ళ పట్టీలు ఈ పాత ప్రోగ్రాంతోనే పోల్చాను. అవన్నీ సోమవారం నుంచి మళ్ళీ చెయ్యాలి. రామలక్ష్మమ్మా, ఆ పని నీది. నీ ప్రోగ్రాంతోనే."

శుక్రవారం రెండున్నరకు కొత్త పట్టీ కంప్యూటరు సెంటరు గుమ్మం దాటింది. కదిరమ్మ మూడు గంటలదాకా మెట్ల మీద కూర్చునే ఉంది, ఎవరైనా వెనక్కి తెస్తారేమోనని.

శనివారం పొద్దున చావడి ముందు ఊరంతా నేల మీద కూర్చుంది. ఆర్.ఐ. సారు బల్ల వేయించుకుని, పట్టీ తెరిచి, ముందు కోటేశ్వరరావు ఉత్తరం గట్టిగా చదివాడు. చదువుతుంటే ఎర్రన్న చేతిలోని అర్జీ రెండు మడతలై, నాలుగు మడతలై, జేబులోకి పోయింది. షరీఫాబీ ఆడవాళ్ళను తోసుకుంటూ వచ్చి రామలక్ష్మమ్మ పక్కన కూలబడి, ఆ పిల్ల చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

పేర్లు మొదలయ్యాయి. "కదిరమ్మ, భర్త ఆంజినప్ప, పైవీధి."

"ఉండా సార్."

"కదిరమ్మ, భర్త ఆంజినప్ప, బావి వీధి." సారు తలెత్తాడు. "ఇది ఇంతకుముందు చదివిందే కదా?"

"కాదు సార్, ఆయమ్మ గొర్రెలోళ్ళ కదిరమ్మ, నేను సున్నమోళ్ళ కదిరమ్మ!" జనం గొల్లుమన్నారు. ఆర్.ఐ. కూడా నవ్వుతూనే కార్డు అందించాడు.

షరీఫాబీ, భర్త హుస్సేన్ పీరా, వెనకవీధి. ముసలి కదిరమ్మను ఇద్దరు చేతులు పట్టి లేపారు. తిప్పమ్మ తన పేరు విని, అది తన మొగుడి పేరు కాదు తన పేరేనని, పక్కవాళ్ళను రెండుసార్లు అడిగి లేచింది. ఎండ ఎక్కింది. కదిరమ్మ ఆడవాళ్ళ వెనక గోడకు ఆనుకుని నిలబడి, వేలి కణుపుల మీద లెక్కపెడుతోంది. పెదవులు కదులుతున్నాయి. ఒక్క పేరు దాటిపోతే? మిషను మళ్ళీ ఎవరినైనా తోసేసి ఉంటే? మూడొందల ఎనభై. తొంభై. నాలుగొందలు. ప్రతి పేరుకూ ఎవరు లేస్తారా అని మెడ చాచి చూస్తోంది. మనిషి లేవగానే బొటనవేలు ఇంకో కణుపు మీదికి జరుపుతోంది.

"కదిరమ్మ, భర్త గోవిందప్ప, ఆఖరి వీధి."

ఆమె నాలుగు వందల తొమ్మిది అనుకుంది. ఎవరూ లేవలేదు. అయిపోయింది, ఒకరు తప్పిపోయారు, ఎవరు పాపం...

"కదిరమ్మ! ఆఖరి వీధి! ఉన్నారా, లేరా?" ఆర్.ఐ. సారు కలం ఎత్తాడు. "లేకపోతే కొట్టేస్తాను."

"ఉండాది సార్!"

పైవీధి కదిరమ్మ అరిచింది, బావికాడ కదిరమ్మ అరిచింది, దర్జీ శివప్ప పెండ్లాం లేచి నిలబడి అరిచింది. షరీఫాబీ రామలక్ష్మమ్మ చెయ్యి వదలకుండానే అరిచింది. "కొట్టేయొద్దు సార్, ఉండాది, ఆడ గోడ కాడ ఉండాది!" నేల మీద కూర్చున్న ఊరు ఊరంతా వెనక్కి తిరిగింది. చేతులన్నీ ఆమె వైపే చూపిస్తున్నాయి. ఆ అరుపుల్లో అందరికన్నా పెద్దగా వినపడింది ఎర్రన్న గొంతు.

కదిరమ్మ కొంగు సర్దుకుంది. గోడను వదిలి, జనం ఇచ్చిన దారి వెంట బల్ల దాకా నడిచి, చెయ్యి చాచింది.